చెయ్యి అన్న మాటకు రెండు అర్థాలు

తమిళంలో చేతిని కై అంటారు, పని చేయమనడానికి సెయ్ అంటారు. తెలుగులో రెండింటికీ ఒకటే మాట, చెయ్యి. కోయంబత్తూరు పీలమేడులోనో, మధుర చుట్టుపక్కల నాయకరాజుల నాటి ఊళ్ళలోనో, వీధిలో తమిళం, గడప లోపల తెలుగు వింటూ పెరిగే పసివాడికి అవ్వ నోట ఈ మాట రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో. చెయ్యి చాపమందో, పనికి పూనుకోమందో వాడే తేల్చుకోవాలి. పసిపిల్లల ఆక్యుపేషనల్ థెరపీ గురించి ఎప్పుడు ఆలోచించినా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. చేతికి బలం తేవడం ఒక్కటే ఆ వైద్యం పని కాదు. ఆ చేత్తో పిల్లవాడు తన పని తానే చేసుకునేలా చూడడం దాని అసలు పని.

దాన్ని తెలుగులో వృత్తి చికిత్స అని రాస్తుంటారు. మూడేళ్ళ పిల్లకు వృత్తి ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. తినడం, ఆడడం, చొక్కా తొడుక్కోవడం, చెప్పులు సరైన కాలికి వేసుకోవడం, ఇవే ఆ వయసు వృత్తులు. మన దేశంలో ఈ విద్యను మొదట నేర్పింది కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి ఇక్కడి కోడలై వచ్చిన ఆమె 1950లో బొంబాయిలో తొలి శిక్షణ పాఠశాల తెరిచారు. ఇప్పుడు కోయంబత్తూరులోనే కె.ఎం.సి.హెచ్. ఆక్యుపేషనల్ థెరపీ కళాశాల ఉంది. అయినా పెద్దలు చాలామంది దీన్ని పట్నంలో పుట్టిన కొత్త వైద్యంగానే చూస్తారు. అందులోని పనిముట్లు సగం తమ అటక మీదే ఉన్నాయని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఈ తెలుగు ఇళ్ళది పాత కథ. నాయకరాజు విశ్వనాథ నాయకుడు మధురలో పాలన మొదలుపెట్టింది 1529లో అంటారు. ఆ కాలానికి అటూ ఇటూగా దక్షిణానికి తరలిన సేనలు, రైతులు, నేతగాళ్ళు, వర్తకులు మధుర నుంచి కోయంబత్తూరు దాకా స్థిరపడ్డారు. 2011 జనగణన నాటికి తమిళనాడులో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవారు 42 లక్షలకు పైనే. వీళ్ళ పిల్లల్లో ఎక్కువమంది బడిలో తెలుగు అక్షరం దిద్దరు. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరైంది. కాబట్టి ఈ ఇళ్ళల్లో తెలుగు మిగిలింది నోటి మాటలో, తిండిలో, చేతి అలవాట్లలో. ఆ చేతి అలవాట్ల మీదే నాకు మక్కువ.

తెలుగువాళ్ళకు పిల్లల ఎదుగుదలను తీపితో కొలిచే అలవాటు ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు. డాక్టరు దగ్గర ఎదుగుదల పట్టిక లేని రోజుల్లో ఇరుగుపొరుగుకు పంచిన ఈ పిండివంటలే పట్టిక. అన్నప్రాశన నాడు పుస్తకం, బంగారం, కలం ఎదుట పెట్టి బిడ్డను వదులుతాం. ఏది పట్టుకుంటుందా అని ఇంటిల్లిపాదీ చూస్తారు. థెరపిస్టు అక్కడుంటే బిడ్డ ఎలా పట్టుకుందో చూస్తారు. మెడ నిలిచిందా, ఒక చేతి మీద ఆని రెండో చెయ్యి చాపగలుగుతోందా, వస్తువును అరచేత్తో లాక్కుంటోందా అని గమనిస్తారు. బొటనవేలు, చూపుడువేలు కలిపి మరమరాన్ని పట్టుకోవడం తొమ్మిది పది నెలలకు గానీ రాదు. ఆ చిన్న చిటికెలోనే రేపటి గుండీ, ఎల్లుండి పెన్సిలు ఉన్నాయి.

చిటికె అనగానే ముగ్గు. దీని గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ముగ్గును అందరూ అందం కోసమే మెచ్చుకుంటారు. ముగ్గు వేసేవాళ్ళు ముందు గొంతుక్కూర్చోవాలి లేదా నడుము వంచాలి. అరికాళ్ళు నేలకు ఆనించి, ఒళ్ళు ముందుకు పడిపోకుండా నిలిపే పని తొడలది, నడుముది. నడుము, భుజం కుదురుగా లేని పిల్లకు వేళ్ళు ఎంత దిద్దించినా కుదరవు. అందుకే థెరపిస్టులు పెన్సిలు సరిగా పట్టలేని పిల్లను కూడా ముందు నేల మీద పాకిస్తారు, గోడను తోయమంటారు. ఇక చెయ్యి. ఎడమచేత గిన్నె, కుడిచేత పిండి, ఒకటి నిలపాలి, ఒకటి కదలాలి. కాగితాన్ని ఒక చేత్తో అదిమిపెట్టి రెండో చేత్తో రాయడం కూడా ఇదే పొత్తు. పిండిని మూడు వేళ్ళ మధ్య పట్టి, బొటనవేలు కొద్దికొద్దిగా జరిపితే ధార సన్నగా పడుతుంది, ఎక్కువ నొక్కితే ముద్ద రాలుతుంది. తప్పు చేసిన క్షణంలోనే కంటికి కనబడుతుంది, ఎవరూ మందలించనక్కరలేదు.

చుక్కలను తాకకుండా వాటి చుట్టూ తిప్పే మెలికల ముగ్గు మరీ గొప్పది. చెయ్యి ఎడమ నుంచి కుడికి పోయేటప్పుడు ఒంటి నడిమి గీతను దాటాలి. చాలామంది చిన్నపిల్లలు అక్కడ ఆగి, వస్తువును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటారు. మెలిక తిప్పే పిల్లకు ఆ వెసులుబాటు లేదు. ఇంతటి లెక్క అందులో ఉంది కాబట్టే 1970ల్లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి బృందం ముగ్గులను గణితంగా అధ్యయనం చేసింది. అయితే నాలుగేళ్ళ పిల్లకు మెలికలు ఇచ్చి కూర్చోబెట్టకూడదు. ముందు పళ్ళెంలో పరిచిన రవ్వలో వేలితో గీత. తర్వాత తడి నేల మీద సుద్దముక్కతో రెండు చుక్కలు కలపడం. సుద్ద పొట్టిగా ఉంటే మంచిది, పొడుగు సుద్దను గుప్పిట బిగిస్తారు, పొట్టిదాన్ని వేళ్ళతోనే పట్టక తప్పదు. పిండి చివరిది. పని ఒకటే, మెట్లు వేరు, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో కనిపెట్టడమే థెరపిస్టు విద్య. మగపిల్లలను ముగ్గు దగ్గరికి రానివ్వకపోవడం మనం చేసిన నష్టం. వాళ్ళ వేళ్ళకూ ఇదే కావాలి.

వామనగుంటల పీటలో పద్నాలుగు గుంటలు. గుప్పెడు చింతగింజలు తీసుకుని గుంటకొకటి చొప్పున వదలాలి. అరచేతిలోని గింజను అదే చేతి బొటనవేలితో వేలికొసకు జరుపుకోవాలి, మిగిలినవి జారకూడదు. గుండీని కాజాలోకి దూర్చడానికీ, చిల్లర లెక్కపెట్టి ఇవ్వడానికీ ఈ కదలికే ఆధారం. మూడేళ్ళ లోపు పిల్లల చేతికి గింజలు, గవ్వలు ఇవ్వకూడదు, నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళకు నిమ్మకాయలు, చిన్న గిన్నెలు చాలు. అచ్చనకాయలు ఇంకా పెద్ద పిల్లల ఆట. ఒకటి ఎగరేసి, అది దిగేలోపు కిందివి ఏరి, దాన్ని పట్టడంలో కన్నూ చెయ్యీ ఒకే లెక్కన కదలాలి.

నడక బండి మాట కూడా చెప్పాలి. మూడు చక్రాల కర్ర బండి పట్టుకుని నడిచిన తరం ఇంకా ఉంది. అందులో బిడ్డ తన కాళ్ళ మీద తానే నిలబడతాడు, బండి ఊతం మాత్రమే. ఇప్పుడు కొని తెచ్చే గుండ్రటి వాకర్లో బిడ్డను గుడ్డ సీటులో వేలాడదీస్తారు, మునివేళ్ళతో నెట్టుకుంటూ తిరుగుతాడు. తూకం నిలపడం నేర్వడు, మెట్ల మీద నుంచి పడే ప్రమాదమూ ఎక్కువ. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. అటక మీది పాత బండి చెక్కుచెదరకుండా ఉంటే దించి తుడిచి ఇవ్వండి.

మన ఇళ్ళల్లో పిల్లల స్వతంత్రానికి అడ్డు వచ్చేది కఠినత్వం కాదు, ప్రేమ. గోరుముద్దలు ఆ ప్రేమకు పేరు. ఏడాది బిడ్డ కంచంలో చెయ్యి పెట్టగానే అవ్వ ఆ చెయ్యి పక్కకు తీస్తుంది, అన్నం పారబోస్తాడని. పారబోస్తాడు, నిజమే. సంగటి ముద్ద గానీ పప్పన్నం గానీ వేళ్ళతో నలిపి, ముద్ద చేసి, దారిలో రాల్చకుండా నోటికి చేర్చడం ఎంత పని. వేళ్ళకు వేడి, జిగురు, మెత్తదనం తెలియాలి, మణికట్టు తిరగాలి, నోరు ఎక్కడుందో చూడకుండానే తెలియాలి. కొడైకెనాల్ మధుర జిల్లాలో ఉన్న కాలంలో, రెండో ప్రపంచ యుద్ధపు రోజుల్లో, మారియా మాంటిస్సోరి ఆ కొండ మీద కొన్నాళ్ళు ఉండి పనిచేశారు. నీళ్ళు ఒంపడం, గుండీలు పెట్టడం, గింజలు ఏరడం పిల్లలకు చదువుతో సమానమని ఆమె పద్ధతి చెబుతుంది. కొండ కింది పల్లెల వంటిళ్ళలో ఆ పనులన్నీ ఉన్నాయి. పిల్లల చేతికి ఇచ్చే ఓపికే తక్కువైంది.

ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు థెరపిస్టులు పనిని తోక నుంచి నేర్పుతారు. నిక్కరు తొడగడం మోకాళ్ళ దాకా మీరు చేసి, నడుముకు లాక్కునే ఆఖరి పట్టు పిల్లవాడికి వదలాలి. పని పూర్తి చేసిన సంతోషం వాడిదవుతుంది. అది కుదిరాక మోకాళ్ళ దగ్గర నుంచి, ఆ తర్వాత పాదాల దగ్గర నుంచి వదలాలి. మొదటి మెట్టు నుంచి నేర్పితే పిల్లవాడు మధ్యలో అలసి, ఎప్పుడూ ఓటమితోనే ముగిస్తాడు.

చెయ్యి మారకపోతే పనిముట్టును మార్చాలి. దీనికి మధురలోనే పెద్ద సాక్ష్యం ఉంది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ఎట్టయపురం దగ్గరి వడమలాపురంలో 1918లో పుట్టారు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయి, కాన్పుల వైద్యం వదులుకోవలసి వచ్చింది. కంటి వైద్యం చదివి, ఆ వేళ్ళకే కత్తి పట్టు నేర్పుకుని, తన చేతికి కుదిరే పరికరాలు చేయించుకుని, లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేశారు. 1976లో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలైంది. ఆయన పెద్దవాడు, పట్టుదల ఉన్నవాడు. పసివాడికి ఆ పట్టుదలను మనం సులువు చేసి ఇవ్వాలి. చెంచా కాడకు పాత గుడ్డ చుట్టి లావు చేయడం, కంచం జారకుండా కింద తడిగుడ్డ వేయడం, కుర్చీలో కాళ్ళు వేలాడకుండా కింద పీట పెట్టడం, వీటికి ఖర్చు లేదు.

వాకిలి ఒక్కటే అన్నీ నేర్పదని కూడా ఒప్పుకోవాలి. బొబ్బట్లు పంచే వీధిలోనే, అరిసెలు వండని ఇల్లు ఏదో అందరికీ తెలిసిపోతుంది. ఆ ఇంటివాళ్ళు బిడ్డను లోపల దాచుకుంటారు, మేనమామకూ నడక ఆలస్యమేనని సర్దిచెప్పుకుంటారు, విలువైన నెలలు పోతాయి. తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా, పద్దెనిమిది నెలలకు నడవకపోయినా చూపించాలి. ఏడాది నిండకముందే ఒక్క చేతినే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచితే దాన్ని చేతివాటం అనుకోవద్దు, ఆ రెండో చెయ్యి బలహీనంగా ఉండవచ్చు. పెద్దయ్యాక నిజంగా ఎడమచేతివాటం ఉన్న పిల్లను మాత్రం అన్నం దగ్గర కొట్టి మార్చవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పిల్లల కోసం జిల్లా స్థాయి కేంద్రాలు ఏర్పాటయ్యాయి.

ఇంకో మాట, ఈ ఊళ్ళకే చెందింది. బిడ్డకు మాటో పనో ఆలస్యమైతే ఇంట్లో తెలుగు మానేసి ఒక్క భాషే మాట్లాడండని చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఎదుగుదల ఆగదని పరిశోధనలు చెబుతున్నాయి. థెరపిస్టు తమిళంలో చెప్పిన పనిని ఇంట్లో రోజూ చేయించేది అవ్వ. ఆమెకు వచ్చిన మాటలోనే, ఎత్తు, పట్టు, తిప్పు, వదులు అని చెప్పనివ్వండి.

పొద్దున బడి వ్యాను హారను కొడుతుంటే గుండీలు నేర్పడం ఎవరి తరమూ కాదు. ఆదివారం నేర్పవచ్చు. తాత పాత చొక్కా మంచం మీద పరిచి, పెద్ద గుండీలతో మొదలుపెట్టించాలి. ఒంటి మీది గుండీ మెడ కింద ఎక్కడో ఉంటుంది, పరిచినది ఎదురుగా కంటికి కనబడుతుంది. మొదటి వారం గుండీని సగం దూర్చి ఇవ్వండి, పిల్లవాడు అవతలి నుంచి లాగుతాడు. పట్టు తప్పుతుంది, మళ్ళీ పడతాడు. తాత పక్కన కూర్చుంటే చాలు, తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని.