పురుగొచ్చిందని పుకారు

మా ల్యాబులో షేకర్ మీద తిరిగే ఫ్లాస్కుల్లో ఉన్నది బిల్లగన్నేరే. కానీ ఆకు లేదు, వేరు లేదు, పువ్వు లేదు. పలచటి బియ్యపు జావలా ద్రవంలో తేలే కణాల గుంపులు, అంతే. లీటరుకు 30 గ్రాముల పంచదార, కాసిన్ని లవణాలు, రాత్రీపగలూ 25 డిగ్రీలు. ఇంత సుఖంలో ఉన్న కణం పెరుగుతుంది, చీలుతుంది. చేదు ఆల్కలాయిడ్ల జోలికి మాత్రం పెద్దగా పోదు. పోవడానికి దానికేం అవసరం?

దాన్ని అలా చీలుస్తున్నది 2,4-డి అంటే మన రైతులు నవ్వుతారు. వరిలో వెడల్పాకు కలుపు మీద కొట్టే మందే. బిల్లగన్నేరుదీ వెడల్పాకే మరి! లీటరుకు మిల్లీగ్రాము దరిదాపుల్లో వేస్తే చంపదు, పెంచుతుంది. కాకపోతే ఆల్కలాయిడ్లను అణిచేస్తుంది. అందుకే ముందు కణాలను 2,4-డి లేని మీడియాలోకి మారుస్తాం. ఆ తర్వాతే మిథైల్ జాస్మోనేట్.

1962లో జాజి నూనెలోంచి దీన్ని వేరుచేశారు. గొంగళిపురుగు కొరికితే మొక్క తన పొరల్లోని కొవ్వు ఆమ్లంతో జాస్మోనేట్లు తయారుచేసుకుంటుంది. రక్షణ జన్యువులను లేపే ప్రోటీన్లను మామూలప్పుడు 'జాజ్' ప్రోటీన్లు కదలనివ్వవు. జాస్మోనేట్ అందిందా, కణం ఆ జాజ్‌లనే ముక్కలు చేసి పారేస్తుంది. 'ఓర్కా' జన్యువులు లేస్తాయి, అవి ఆల్కలాయిడ్ ఎంజైములను లేపుతాయి. మొక్కను హింసిస్తున్నారు కదా అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. మా ఫ్లాస్కులో పురుగూ లేదు, గాయమూ లేదు. ఉన్నదల్లా పురుగొచ్చిందన్న పుకారు.

దానికీ వేళ చూడాలి. తొందరపడితే కణాలు చీలడం మానేస్తాయి, మిగిలేది పిడికెడే. మోతాదు మించితే జావ గోధుమరంగుకు తిరుగుతుంది. ఫలానా రోజున వెయ్యమని ప్రోటోకాల్ చెబుతుంది గానీ, నేను ఫ్లాస్కును కాసేపు కదపకుండా పెట్టి, అడుగుకు దిగిన కణాల మట్టం చూశాకే పిపెట్ పట్టుకుంటాను.

ఇంతా చేస్తే అజ్మాలిసిన్ వస్తుంది, క్యాథరాంథిన్ వస్తుంది. క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ రాదు. అందులో ఒక సగం క్యాథరాంథినే, కానీ రెండో సగమైన విండోలిన్ తయారీ ఆకు పైపొరలో మొదలై, లోపలి ప్రత్యేక కణాల్లో ముగుస్తుంది. మా జావలో ఆకేదీ? యూ చెట్టు కణాలకు ఈ చిక్కు లేదు, మరో క్యాన్సర్ మందు ట్యాక్సాల్ అంతా అవే చేసిపెడతాయి, పెద్ద ట్యాంకుల్లో వ్యాపారమే నడుస్తోంది. బిల్లగన్నేరు జన్యువులు ఎక్కించిన ఈస్ట్ చేత రెండు సగాలూ చేయించినట్టు 2022లో ప్రకటించారు. మొక్క నుంచే తీయాలంటే మాత్రం, ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు వందల కిలోల ఎండుటాకు కావాలి.