సమాధిని తరలించవచ్చునా?

తుర్కియేలో దజ్లా (టిగ్రిస్) నది ఒడ్డున ఉన్న ప్రాచీన పట్టణం హసన్‌కైఫ్. అక్కడి జైనల్ బేగ్ సమాధిని 2017 మే 12న చక్రాల వాహనంపై రెండు కిలోమీటర్ల ఆవలికి తరలించారు. బరువు సుమారు 1,100 టన్నులు. ఇలిసు ఆనకట్ట నీరు 2020 నాటికి పాత పట్టణాన్ని ముంచివేసింది. సమాధి మాత్రం “రక్షింపబడింది” అంటున్నారు. మా అభ్యంతరం ఈ ఒక్క మాటపైనే.

ఇంజనీర్ల నేర్పును కాదనము. జైనల్ బేగ్ అక్ ఖొయున్లు పాలకుడు ఉజున్ హసన్ కుమారుడు, 1473లో యుద్ధంలో మరణించాడు. (మన కుతుబ్ షాహీల పూర్వీకులైన ఖరా ఖొయున్లులను ఓడించినవాడు ఈ ఉజున్ హసనే.) నీలి పలకల ఆ గుండ్రని కట్టడానికి ఎదుట నది, ఆవలి గట్టున కోట, 1409 నాటి రిజ్ఖ్ మస్జిద్ మినార్ ఉండేవి. ఆ మినార్‌ను కూడా తరువాత తరలించారు. వాక్యాన్ని దాని సందర్భం నుండి ఎత్తి వేరొక పుటలో పెడితే అక్షరాలన్నీ ఉంటాయి, అర్థం ఉండదు. అనువాదకునికి ఇది నిత్యానుభవమే.

హజ్రత్ ఉమర్ (రజి) కూఫా మస్జిద్‌ను తరలింపజేయలేదా అని ఎవరైనా అడుగవచ్చు. నిజమే. బైతుల్‌మాల్‌లో దొంగతనం జరిగినప్పుడు, మస్జిద్‌ను మార్చి ఖజానాను దాని ఖిబ్లా వైపున ఉంచమని హజ్రత్ సఅద్ (రజి)కు వ్రాశారని ఉల్లేఖనం. మస్జిద్‌లో నమాజు చేసేవాడు ఎప్పుడూ ఉంటాడు గనుక ఖజానాకు కాపలా దొరుకుతుందని ఆయన ఉద్దేశం. హంబలీ పండితులు దీనిని ఆధారంగా తీసుకున్నారు. కాని అక్కడ మారింది నమాజు స్థలం, నమాజు ఎక్కడైనా సాగుతుంది. సమాధి సంగతి వేరు. అది ఆ మట్టిలో ఉన్న మనిషికి గుర్తు. అందుకే జరూరత్ లేనిదే సమాధిని కదిలించరాదని ఫుఖహా అన్నారు.

ఇక్కడ జరూరత్ లేదా? నీరు వస్తోంది కదా! ఆ నీటిని తెచ్చినవారే దానిని సాకుగా చూపడం న్యాయం కాదు. నిర్వాసితుల, వారసత్వ సంపదల విషయంలో షరతులు నెరవేరలేదని జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ 2009లోనే తమ రుణ హామీలను ఉపసంహరించుకున్నాయి. అయినా పని ఆగలేదు. విద్యుత్తు అవసరమే అనుకుందాం. అప్పుడు “పోగొట్టుకున్నాము” అని చెప్పవలసింది.

12వ శతాబ్దపు అర్తుఖీ వంతెనను మాత్రం ఎవరూ ఉద్యానానికి తీసుకుపోలేదు. నది లేనిచోట వంతెనకేం పని? దాని స్తంభాలు నీటి అడుగునే ఉన్నాయి.