ఒకే గుట్ట మీద వెయ్యి పక్షులు

బర్డ్‌వాచింగ్ చేసే మాకు జాబితాల మీద మోజు ఎక్కువ. నలుగురం కలిస్తే ఈ ఏడాది కొత్తవి ఎన్ని కనిపించాయన్నదే మాట. ఒకే పిట్టను పూటంతా కూర్చుని చూడటంలోనే ఈ విద్య అసలు రుచి ఉందని నా నమ్మకం. జాబితా కోసం వెళ్లేవాళ్లకు నార్కొండాం దీవిలో దొరికేది తక్కువే.

ఉత్తర అండమాన్‌కు తూర్పున, నడిసముద్రంలో లేచిన అగ్నిపర్వతం అది. విస్తీర్ణం 7 చదరపు కిలోమీటర్ల లోపే, శిఖరం మాత్రం 700 మీటర్లు దాటుతుంది. అక్కడి కోయిలలు, కొండ గోరింకలు వేరేచోట్లా ఉన్నాయి. నార్కొండాం హార్న్‌బిల్ మాత్రం భూమ్మీద ఇంకెక్కడా లేదు. దాన్ని 1873లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఏ.ఓ. హ్యూమ్, తర్వాత కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్నాయనే. మగదాని తల, మెడ ఇటుక రంగు. ఆడదానికి అవీ నలుపే. తోక రెండింటికీ తెలుపు.

మన నల్లమలలో బూడిదరంగు హార్న్‌బిల్ గూడు చూసినవాళ్లకు ఈ జాతి కాపురం తెలుసు. ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, రెట్టతో, పండ్ల గుజ్జుతో వాకిలి మెత్తేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మిగులుతుంది, అంతే. మగపక్షి వచ్చి వాలుతుంది. గొంతు ఒక్కసారి ఎగదన్నగానే మర్రిపండు ముక్కు కొసకు వస్తుంది. దాన్ని సందులోకి అందించి మళ్లీ గొంతు కదుపుతుంది, ఇంకో పండు. అది ఎంత ఓపికగా చేస్తుందో! లోపలిది రెక్కల ఈకలు రాల్చుకుని ఎగరలేని స్థితిలో ఉంటుంది. బయట మగది వేటగాడికి చిక్కితే గూట్లో తల్లీపిల్లలకు తిండి పెట్టే దిక్కుండదు.

దీవిలోనూ ఇదే తీరు. అక్కడి పోలీస్ ఔట్‌పోస్ట్ కోసం తెచ్చిన మేకలు అడవిలోకి చొరబడి లేత మొక్కల్ని మేసేశాయి. చివరికి వాటిని అక్కణ్నుంచి తరలించక తప్పలేదు. లేత మొక్క బతికితేనే కదా ఎప్పటికో తొర్ర ఉన్న మాను అయ్యేది. అదే దీవిలో కోస్ట్‌గార్డ్ పెట్టాలనుకున్న రాడార్‌కు 2012లో పర్యావరణ శాఖ ఒప్పుకోలేదు, 2014లో ఒప్పుకుంది. దేశ రక్షణ అవసరాన్ని నేను కాదనను.

ఇటీవల నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు అక్కడ వెయ్యి దాకా హార్న్‌బిల్స్ ఉంటాయని అంచనా కట్టారు. సంతోషమే. కానీ ఆ వెయ్యీ ఒకే గుట్ట మీద ఉన్నాయి, గట్టి తుపాను వస్తే ఎగిరిపోయి తలదాచుకోవడానికి ఇంకో దీవి లేదు. అక్కడ ఏం కట్టినా తొర్ర చెట్ల జోలికి పోకూడదు. ఆడపక్షులు గూళ్లలో ఉండే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గొడ్డలి, యంత్రం ఏదీ ఆ అడవిలో అడుగుపెట్టకూడదు.