తెరమీది సాక్ష్యం – మూడు డాక్యుమెంటరీ చిత్రాలు

హదీసు విద్య చదివినవారికి ఒక అలవాటు ఉంటుంది. ఎంత మంచి మాట చెవిన పడినా, దీన్ని చెప్పినవాడెవడు, ఎవరి దగ్గర విన్నాడు, విన్నచోట తాను ఉన్నాడా లేడా అని ముందు అడుగుతారు. మాట బాగున్నంత మాత్రాన చాలదు, దానిని మోసుకువచ్చిన పరంపర నిలబడాలి. డాక్యుమెంటరీ చిత్రాలను తూచడానికి నాకు ఇంతకంటె మంచి త్రాసు కనిపించలేదు. కథాచిత్రం కల్పననని ఒప్పుకునే వస్తుంది. డాక్యుమెంటరీ అలా రాదు. "నేను చూశాను" అంటూ మన గడప తొక్కుతుంది. అంటే అది ఒక ఖబర్. ఖబర్ వచ్చినప్పుడు విచారించుకోమన్న ఆదేశం హుజురాత్ సూరాలో ఉన్నదని పాఠకులకు నేను గుర్తుచేయనక్కరలేదు.

సినిమాను ఇంట్లోకి రానివ్వమనే పెద్దల జేబుల్లో కూడా నేడు ఫోను ఉంది. ఎవరు తీశారో, ఎక్కడ తీశారో తెలియని దృశ్యాలు రోజూ అందులో వచ్చి పడుతున్నాయి. ముస్లిములను దోషులుగా నిలబెట్టేవి కొన్ని, ముస్లిముల కన్నీళ్లను అమ్ముకునేవి మరికొన్ని. రెండు రకాలకూ రావీ లేడు. మన పిల్లలు వాటిని కూడా డాక్యుమెంటరీలనే అంటున్నారు. అందుచేత రావీ ఎవరో స్పష్టంగా తెలిసిన మూడు చిత్రాలను ఇక్కడ సిఫారసు చేస్తున్నాను. ఇవి హాలులో చీకట్లో కూర్చుని చూసేకన్న ఇంట్లో నలుగురూ కలిసి, మధ్యలో ఆపి, మాట్లాడుకుంటూ చూడవలసినవి. మూడూ లోపం లేనివని మాత్రం అనను.

మొదటిది గ్రెగ్ బార్కర్ తీసిన 'కొరాన్ బై హార్ట్'. 2011లో అమెరికాలో హెచ్.బి.ఓ. వారు ప్రసారం చేశారు. రమజాను మాసంలో కైరోలో జరిగిన అంతర్జాతీయ ఖుర్ఆన్ పోటీ దీని విషయం. పదేళ్ల పిల్లలు ముగ్గురు, సెనెగల్ నుంచి ఒక అబ్బాయి, తజికిస్తాన్ నుంచి ఒక అబ్బాయి, మాల్దీవుల నుంచి ఒక అమ్మాయి, తమకంటె పెద్దవారితో పోటీపడతారు. ముగ్గురిలో ఎవరికీ అరబీ మాతృభాష కాదు. ఆ భాష రాని పిల్లవాడు దివ్యగ్రంథాన్ని మొత్తంగా గుండెలో పెట్టుకోవడం దర్శకునికి ఆశ్చర్యం. ఆ ఆశ్చర్యంలో చిన్నచూపు లేదు గాని, అవగాహన కూడా పూర్తిగా లేదు. హిఫ్జ్ అన్నది వాచకాన్ని అక్షరం జారకుండా తరువాతి తరానికి అప్పగించే అమానత్. తఫ్సీర్ వేరొక విద్య. దానికి వేరే వయసు, వేరే గురువు. ఒకటి ఉన్నచోట రెండవది లేదేమని అడగడం, నాట్లు వేస్తున్న పొలంలో ధాన్యం రాశి ఏదని అడిగినట్లుంటుంది.

సెనెగల్ అబ్బాయి తడబడే ఘట్టం ఒకటి ఉంది. న్యాయనిర్ణేతలు అరబీలో చెప్పే మాట అతనికి అందదు. మదరసాలో కూర్చున్నవారికి ఇక్కడ మరో సంగతి కూడా తోస్తుంది. ఖుర్ఆన్‌లో ఒకచోటి ఆయతును పోలిన ఆయతులు ఇతర సూరాలలో ఉంటాయి. ఒక్క పదం తేడాతో దారి చీలిపోతుంది. హాఫిజులు అందరికంటె ఎక్కువ భయపడేది ఈ కూడళ్లకే. అది తెలిసినవారికి ఆ పిల్లవాడి కన్నీళ్లు ఓటమిగా కనిపించవు.

అయితే ఈ చిత్రం చెప్పిన రెండు సంగతులను, చెప్పినవాడు బయటివాడని తోసిపుచ్చడానికి వీలులేదు. తజికిస్తాన్ బాలుడు చదివిన పల్లె మదరసాను ప్రభుత్వం మూయించింది. వేరే బడిలో చేర్చబోతే సొంత భాష చదవడమే అతనికి సరిగా రాదని తేలింది. మాల్దీవుల బాలికకు లెక్కలూ, సైన్సూ ఎంతో ఇష్టం. తండ్రి మాత్రం ఆమె గృహిణి కావాలంటాడు. తల్లి ఆలోచన వేరు. ఆ మాటలను ఎవరూ ఆ తండ్రి నోట పెట్టలేదు, కెమెరా ముందు ఆయనే చెప్పాడు. ఇక్కడ చిత్రాన్ని ఆపి, మన ఇంటి ఆడపిల్లలను ఏమంటారో అడగండి. ఇక మితవాదమా, ఛాందసమా అంటూ ఇస్లామును రెండు పాళ్లుగా కోసి చూపే వ్యాఖ్యానం బార్కర్‌ది, పిల్లలది కాదు. సాక్ష్యాన్ని పుచ్చుకుని వ్యాఖ్యానాన్ని పక్కన పెట్టవచ్చు.

రెండవది పారసీ చిత్రం, 'ఖానె సియాహ్ అస్త్', అంటే 'ఇల్లు నల్లగా ఉంది'. కవయిత్రి ఫరూగ్ ఫర్రుఖ్‌జాద్ 1962లో తబ్రీజు దగ్గరి బాబాబాగీ కుష్ఠురోగుల ఆశ్రమంలో పన్నెండు రోజులలో తీశారు. నిడివి సుమారు ఇరవై నిమిషాలు. ఇందులో ఇద్దరు రావీలున్నారు. నిర్మాత ఇబ్రాహీం గులిస్తాన్ గొంతు వ్యాధి గురించి, చికిత్స గురించి పొడిగా చెబుతుంది. ఈ రోగం నయమవుతుందని నొక్కి చెబుతుంది. ఫరూగ్ గొంతు తౌరాతు, ఖుర్ఆన్‌ల ఛాయలు కలిసిన పదాలతో విలపిస్తుంది. ఏది గ్రంథవాక్యం, ఏది ఆమె మాట అన్నది సబ్‌టైటిళ్లను బట్టి తేలదు. పారసీ వచ్చిన పెద్దవారెవరైనా ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇతరుల వైకల్యాన్ని తెరకెక్కించడం తగునా, దాచడం కదా మన మర్యాద అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఈ చిత్రంలోని ముఖాలు దొంగచాటుగా తీసినవి కావు. ఒక స్త్రీ అద్దంలో తన ముఖాన్ని చూసుకుంటుంది, ఆమెతోపాటు మనమూ చూస్తాం, అంతే. వారు నమాజు చేస్తారు, పెళ్లి చేసుకుంటారు, తల దువ్వుకుంటారు. బడిలో పంతులు ఒక పిల్లవాణ్ణి, తల్లిదండ్రులను ఇచ్చినందుకు దేవునికి ఎందుకు కృతజ్ఞత చెప్పాలని అడుగుతాడు. నాకు తెలియదు, నాకు ఇద్దరూ లేరంటాడు వాడు. ఆ ఆశ్రమంలోని ఒక బాలుణ్ణి ఫరూగ్ తరువాత పెంచుకున్నారు.

అరవై ఏళ్లనాటి పరదేశపు గోడు మనకెందుకని అనుకోరాదు. ఈ వ్యాధికి బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. మన దేశంలో 1939 నాటి ముస్లిం వివాహరద్దు చట్టంతో సహా అయిదు చట్టాలలో కుష్ఠు విడాకులకు కారణంగానో, భరణం విషయంలో లోపంగానో నిలిచే ఉంది. వాటిని సవరించింది 2019లో. మందు వచ్చిన ముప్పయ్యెనిమిదేళ్లకు గాని చట్టానికి ఆ కబురు చేరలేదు.

మూడవది శౌనక్ సేన్ 'ఆల్ దట్ బ్రీథ్స్'. 2022లో సన్‌డాన్స్‌లోనూ, కాన్‌లోనూ బహుమతులు పొందింది, మరుసటి ఏడు ఆస్కార్ పోటీకి వెళ్లింది. ఢిల్లీలోని వజీరాబాదులో నదీమ్ షెహజాద్, మొహమ్మద్ సఊద్ అనే అన్నదమ్ములు ఇంటి నేలమాళిగలో గాయపడిన గద్దలకు చికిత్స చేస్తారు. అదే చోట జీవనోపాధికి సబ్బునీళ్ల పెట్టెలు తయారుచేస్తారు. గద్ద మాంసం తింటుంది కనుక పక్షుల ఆసుపత్రి ఒకటి దానికి వైద్యం చేయనంటుంది. అక్కడ మొదలైంది వీరి పని. గద్దలను కోసేది చాలావరకు గాజుపొడి పూసిన మాంజా. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించిన తరువాత కూడా సంక్రాంతికి హైదరాబాదు మేడలమీద అది తెగుతూనే ఉంది కనుక, ఈ చిత్రం మనకేమీ దూరం కాదు.

ఇందులోని మనుషులు మన ఇళ్లలో వినిపించే హిందుస్తానీనే మాట్లాడతారు. అందుచేత సబ్‌టైటిల్ అనే రెండవ రావీ ఏం చేస్తున్నాడో పట్టుకోవడానికి ఇంతకు మించిన పాఠం లేదు. గద్దలకు మాంసం వేస్తే సవాబ్ వస్తుందని పాత ఢిల్లీవారి నమ్మకం. సవాబ్‌ను ఇంగ్లీషులోకి తెస్తే బ్యాంకు ఖాతా వాసన వేస్తుంది. తెలుగులో మనం పుణ్యఫలం అంటున్నాం, అదీ సగమే. ఊపిరి తీసే జీవులన్నీ గాలి బిరాదరీ అన్న భావం ఈ చిత్రానికి ప్రాణం. బిరాదరీని 'కమ్యూనిటీ' అంటే చప్పగా ఉంటుంది. పెళ్లికీ చావుకీ వచ్చి నిలబడేవాళ్లు బిరాదరీ. తెలుగులో 'బలగం' అంటే దగ్గరికి వస్తుందేమో.

చిత్రీకరణ కాలంలోనే 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది, 2020 ఫిబ్రవరిలో ఈశాన్య ఢిల్లీలో 53 మందిని బలిగొన్న అల్లర్లు జరిగాయి. ఇవేవీ తెరమీదికి నేరుగా రావు. దూరాన మైకు, ఇంట్లో కంగారు మాటలు, అంతే. దర్శకుడు తప్పించుకున్నాడని కొందరంటారు. నాకు అలా తోచలేదు. ఆ నేలమాళిగకు చేరినంతే చెప్పాడు, చూడనిదాన్ని కలపలేదు. ఆక్షేపించవలసింది మరొకటి ఉంది, ఛాయాగ్రహణపు సొగసు. మురికినీరు కూడా పట్టుబట్టలా మెరుస్తుంది. సాక్షి ఇంత అలంకరించుకు రానక్కరలేదు.

వరుస విషయంలో ఒక మాట. మొదట పారసీ చిత్రం చూడండి, రాత్రి భోజనానికీ ఇషాకూ నడుమ అయిపోతుంది. 'కొరాన్ బై హార్ట్' పిల్లలతో, సెలవునాడు. సేన్ చిత్రాన్ని రెండుసార్లు చూడాలి. రెండవసారి తెర అడుగున ఒక కాగితం పట్టీ అంటించి, అక్షరాలు కనబడకుండా, సఊద్ అన్నతో పడే తగాదాను వినండి.