ఆకాశం నిండా అలలు

న్యూయార్క్ వీధిలో నడుస్తూ నడుస్తూ ఆ కుర్రాడు తలెత్తి చూస్తాడు. మేడల పైన ఆకాశం ఉండాల్సిన చోట సముద్రం! నురగలు కక్కుతూ లేచే అల, ఆ అల మీద పలకపై తేలిపోతున్న మనిషి! కింద ఇటుక గోడలు, వాహనాల రొద మామూలే. ఎందుకలా అని ఎవరూ అడగరు, దర్శకుడూ చెప్పడు.

1996లో వచ్చిన ‘బాస్కియా’ సినిమాలోది ఈ దృశ్యం. దాన్ని తీసిన జూలియన్ ష్నాబెల్ స్వయంగా చిత్రకారుడు. కథానాయకుడైన చిత్రకారుడు బాస్కియాను ఎరిగినవాడు. ఇది అతని తొలి సినిమా. గోడల మీద ‘సామో’ పేరుతో రాతలు రాసిన నల్లజాతి కుర్రవాడిని ఇరవైల్లోనే గ్యాలరీలు నెత్తిన పెట్టుకోవడం, 1988లో 27 ఏళ్లకే మత్తుమందు అతణ్ణి మింగేయడం, ఈ కథంతా గబగబా సాగిపోతుంది. సాగిపోనివ్వండి. మనం ఆగాల్సిన చోట్లు వేరే ఉన్నాయి.

ఒక చిన్న హోటల్లో బల్ల దగ్గర ఆగండి. వడ్డించే పిల్ల జీనా మీద చూపు నిలిపి, అతడు బల్ల మీద పాకం ఒలకబోస్తాడు. ఆ జిగటలోనే ఆమె ముఖం గీస్తాడు. కాన్వాసు లేదు, రంగు లేదు, రేపటి ధర లేదు. తుడుపుగుడ్డ వచ్చేదాకానే ఆ బొమ్మకు ఆయుష్షు! వలపు, ఆకతాయితనం, ప్రతిభ మూడూ ఒకే గీతలో కలిసి మెరిసిన ఆ క్షణం ముందు తర్వాతి లక్షల డాలర్ల అమ్మకాలన్నీ వెలవెలబోతాయి.

బాస్కియాగా జెఫ్రీ రైట్ నటనను ఏమని పొగడను! నిద్రమత్తు వదలని కళ్లు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టుండే గొంతు, ఉన్నట్టుండి విచ్చుకునే పసినవ్వు. పక్కన చిత్రకారుడు ఆండీ వార్హోల్‌గా డేవిడ్ బోవీ, వార్హోల్ పెట్టుకున్న అసలు విగ్గే పెట్టుకుని, గాజుబొమ్మలా పెళుసుగా, జాలిగా! ఇద్దరూ పక్కపక్కన నిలబడితే చాలు, ఆ స్నేహంలోని ఒంటరితనం మనకు తగులుతుంది.

ఇంకోచోట, పికాసో చిత్రం ‘గెర్నికా’ ముందు నిలబడి కన్నీరు పెట్టుకున్న బాస్కియా తల్లి, పసివాడైన కొడుకు వైపు తిరిగితే వాడి నెత్తిన కిరీటం వెలుగుతుంది. ఆహా, ఏం దృశ్యం!

దర్శకుడు మిలో అనే పాత్రగా తన ప్రతిరూపాన్నీ తెర మీదికి తెచ్చుకోవడం మాత్రం నాకు రుచించలేదు. బాస్కియా అసలు చిత్రాలు వాడుకునే అనుమతి దొరక్క, ఆ ధోరణిలో వేసినవే తెర మీద కనిపిస్తాయి. జీవితచరిత్రగా దీనికి బొటాబొటి మార్కులే వేస్తాను. కానీ చిత్రకారుడి కన్ను లోకాన్ని ఎలా చూస్తుందో ఇంత మత్తుగా చూపిన సినిమాలు అరుదు. కథ కోసం కాక, కళ్ల కోసం ఒకసారి చూడండి.