ఇరుసు మీద సంసారం

మే నెల వచ్చిందంటే ఆస్ట్రేలియా దక్షిణాన చలి మొదలవుతుంది. మెల్‌బోర్న్, అడిలైడ్ ఇళ్ల పక్కన నెలల తరబడి పరదా కప్పుకుని ఉన్న కారవాన్లు ఒక్కొక్కటే రోడ్డెక్కుతాయి. రిటైరైన దంపతులు, బడిపిల్లలున్న కుటుంబాలు ఎండ కోసం ఉత్తరానికి బయల్దేరతాయి. కారు వెనక తగిలించిన ఆ గదిలోనే పడకలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, చాలావాటిలో మరుగుదొడ్డి కూడా. డార్విన్ దాకా పోదలిస్తే పోర్ట్ అగస్టా దగ్గర స్టువర్ట్ హైవే ఎక్కి 2,700 కిలోమీటర్లకు పైగా నడపాలి. 1861–62లో ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటిన జాన్ మెక్‌డూవల్ స్టువర్ట్ పేరే ఆ దారికి పెట్టారు. దక్షిణ ఆస్ట్రేలియా వైపు భాగానికి పూర్తిగా తారు పడింది 1987లో.

అవుట్‌బ్యాక్, అంటే ఖండం లోపలి ఎడారి భాగం, అక్కడి ప్రయాణమంటే సాహసమని ప్రకటనలు ఊరిస్తాయి. కారవాన్ లాగే కుటుంబాలకు మాత్రం అది ఇల్లు నడపడం లాంటిది కూడా కాదు, అచ్చంగా ఇల్లు నడపడమే. నీళ్లెన్ని, గ్యాసెంత, ఏ సామాను ఎక్కడ పెట్టాలి అన్న లెక్కలు తెలిసినవాళ్లదే పైచేయి.

అన్నిటికంటే ముందు బరువు లెక్క. ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎత్తేవాడికి తెలుసు, వెనక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది, ముందు బరువెక్కితే ఎద్దుల మెడలు వంగుతాయి. కారవాన్‌దీ అదే సూత్రం. బరువైన సామానంతా ఇరుసు మీదకి, నేలకు వీలైనంత దగ్గరగా రావాలి. మొత్తం బరువులో సుమారు పదో వంతు కారు వెనకుండే టోబాల్ మీద పడాలని అక్కడి వాడుక లెక్క. అంటే 2,000 కిలోల కారవాన్‌కు 200 కిలోలన్నమాట. కొత్తవాళ్లు బోల్తాపడేది నీళ్ల దగ్గర. 80 లీటర్ల ట్యాంకులు రెండు నింపితే 160 కిలోలు చేరినట్టే. పైగా సైకిళ్లు వెనక తగిలిస్తారు. పరదా, కుర్చీలు, పిల్లల పుస్తకాలు, డబ్బాల సరుకు ఉండనే ఉన్నాయి. అనుభవజ్ఞులు బయల్దేరే ముందు అన్నీ ఎక్కించుకుని కాటా దగ్గరికి వెళ్లి తూయించుకుంటారు. అక్కడ తేలిన అంకె చూసి సగం సామాను ఇంటి దగ్గర దింపేసే సంసారాలే ఎక్కువ.

వెనక బరువెక్కిన కారవాన్ వేగం పెరిగితే ఊగడం మొదలుపెడుతుంది. తోక ఇటు అటు కొడుతుంది, ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. ఆ క్షణంలో కాలు బ్రేకు మీదకే పోతుంది, అదే ప్రమాదం. యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, డాష్‌బోర్డు దగ్గరుండే చిన్న కంట్రోలర్‌తో కారవాన్ బ్రేకులు మాత్రమే నొక్కాలి. వెనక బండి ముందుదాన్ని వెనక్కి గుంజితే రెండూ మళ్లీ ఒకే గీతలోకి వస్తాయి.

సిడ్నీ నుంచి మిల్డ్యూరా మీదుగా వచ్చేవాళ్లకు యాంబా దగ్గర తనిఖీ కేంద్రం ఎదురవుతుంది. పండ్ల ఈగ రాకుండా దక్షిణ ఆస్ట్రేలియా కట్టిన కాపలా అది. తాజా పండ్లు, కూరగాయలు చాలావరకు అక్కడే వదిలేయాలి. అందుకే సరిహద్దుకు ముందు రాత్రి కారవాన్లలో పొయ్యిలు ఆగవు. మిగిలిన టమాటాలు, వంకాయలు అన్నీ కూరై కూర్చుంటాయి. వండినదానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. మెల్‌బోర్న్, సిడ్నీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ దారి పట్టినా లెక్క అదే. మామిడిపండు ఆగిపోతుంది, పప్పు సాగిపోతుంది.

పోర్ట్ అగస్టా దాటాక దూరాల తీరే మారిపోతుంది. గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ దాకా 250 కిలోమీటర్లకు పైగా మధ్యలో పెట్రోలు దొరకదు. కారవాన్ లాగే బండి మామూలుకంటే చాలా ఎక్కువ తాగుతుంది, ఎదురుగాలి తోడైతే ఇంకా ఎక్కువ. ట్యాంకు సగమవ్వగానే కనబడ్డ రోడ్‌హౌస్‌లో నింపుకోవడం తెలివి, ధర చూసి ముందుకు పోవడం అతితెలివి. పొద్దు వాలే వేళకు ఆగిపోవాలి. కంగారూలు మేతకు వచ్చేది చీకటిపడేటప్పుడు, తెల్లవారుజామున. చాలాచోట్ల కంచెల్లేవు కాబట్టి ఆవులూ రోడ్డు మీదే ఉంటాయి.

ఇక రోడ్ ట్రెయిన్లు. ఒక లారీకి మూడు ట్రెయిలర్లు తగిలిస్తే 53.5 మీటర్ల దాకా పొడవుంటుంది. దాన్ని దాటాలని చూడటం కంటే దాన్ని దాటనివ్వడమే పెద్దరికం. బండ్ల మధ్య మాట్లాడుకునే రేడియోలో లారీ డ్రైవర్లు 40వ ఛానెల్ మీద ఉంటారు, కారవాన్ల వాళ్లు తమలో తాము మాట్లాడుకునేది 18లో. వెనక లారీ కనబడితే 40కి మారి ఒక మాట చెబుతారు. లారీ దాటడానికి పక్క వరుసలోకి వచ్చాక హఠాత్తుగా బ్రేకు వేయకుండా, తమ వరుసలో తిన్నగా పోతూ, కాస్త వేగం తగ్గిస్తారు.

సాయంత్రం కారవాన్ పార్కులో ఉచిత వినోదం ఒకటుంది: కొత్తగా వచ్చినవాళ్లు బండి రివర్సు చేయడం. చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్లంతా న్యాయనిర్ణేతలే. స్టీరింగును కింది భాగాన పట్టుకుని, కారవాన్ తోక ఎటు పోవాలో చేతిని అటు కదపాలన్నది పాతకాపుల చిట్కా. భార్యాభర్తల సహనానికి ఇంతకు మించిన పరీక్ష ఆ రహదారిలో లేదు. మరుగుదొడ్డి పెట్టె ఖాళీ చేసే పని ఎవరి వంతన్నది తర్వాతి పంచాయితీ. దాన్ని నిర్ణీత డంప్ పాయింట్‌లోనే పారబోయాలి. కొందరు ఆ నియమం పాటించక దారి పక్క విడిదులను పాడుచేయడం ఈ సంప్రదాయానికి మచ్చ.

ఇన్ని తిప్పలు పడి ఏం దక్కుతుందంటే, విమానం చూపించలేనిది దక్కుతుంది. కూబర్ పీడీలో ఎండ తప్పించుకోవడానికి జనం నేలకింద ఇళ్లు తొలుచుకున్నారు, అక్కడ 1915లో మొదట ఓపల్ రాయి కనిపెట్టింది ఒక పద్నాలుగేళ్ల కుర్రాడు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో 1951లో రేడియో ద్వారా పాఠాలు మొదలుపెట్టిన బడి ఉంది. వందల కిలోమీటర్ల అవతలి పశువుల క్షేత్రాల పిల్లలు దాని విద్యార్థులు. ఈ ఎడారిలో ఊళ్లను కలిపిన ఒంటెల బిడారుల వెనక బలూచిస్తాన్, సింధ్, పంజాబు నుంచి వచ్చినవాళ్లున్నారు. ఆలిస్ స్ప్రింగ్స్‌కు 1929లో రైలు వచ్చేదాకా సరుకు మోసింది ప్రధానంగా వాళ్లే.

ఎర్ల్‌డండా దగ్గర పడమటికి తిరిగితే ఉలురు. 348 మీటర్ల ఎత్తున్న ఆ శిలను 1985లో అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు తిరిగి అప్పగించారు, ఎక్కడాన్ని 2019 అక్టోబర్‌లో ఆపేశారు. ఇప్పుడు కుటుంబాలు దాని చుట్టూ 10 కిలోమీటర్లకు పైగా నడుస్తాయి. పైనుంచి ఫొటో తీసుకోవడం కంటే ఇదే మేలు. గుహల్లోని బొమ్మలు, నీటి గుంటలు, ఫొటో తీయొద్దన్న పవిత్ర స్థలాలు ఉన్నది కిందనే.

సొంత కారవాన్ లేనివాళ్లు క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని, ఒక ఊళ్లో ఎక్కి ఇంకో ఊళ్లో అప్పగించే వీలూ ఉంది. అయితే ఒప్పందం చదివి సంతకం పెట్టాలి. మట్టి రోడ్లకు, రాత్రి ప్రయాణానికి చాలా ఒప్పందాలు ఒప్పుకోవు. నెల కూడా చూసుకోవాలి. ఊడ్నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది. ఉత్తరాన నవంబరు నుంచి వానలు దారులు మూసేస్తాయి. అందుకే సెప్టెంబరు చివరికి కారవాన్ల ముఖాలన్నీ దక్షిణానికి తిరిగి ఉంటాయి.