జారిపోయిన ఫ్రేముకు లెక్క

బాబాయ్ గదిలో అడుగుపెట్టగానే కంటపడేది కంప్యూటరు కాదు, బల్ల మీది రూళ్ళ నోటుబుక్కు. ప్రతి పేజీలో నిలువుగా మూడు గళ్ళు గీసి, పైన మొదటిసారి, రెండోసారి, మూడోసారి అని రాసి ఉంటుంది. గళ్ళ నిండా గంటలు, నిమిషాలు, సెకన్లు. పాత పెళ్ళి క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఏ క్షణంలో ఫ్రేము జారిపోయిందో రాసుకున్న లెక్క అది. ఇంత ఓపికగా పోయినదాని లెక్క రాసే పనివాణ్ణి నేను మరొకర్ని చూడలేదు.

పేరు అచ్చులో వద్దన్నారు కాబట్టి ఊళ్ళో అందరం పిలిచినట్టే బాబాయ్ అంటాను. ఒకప్పుడు భుజం మీద పెద్ద కెమెరా మోసుకుంటూ ర్యాలి, లొల్ల, వాడపల్లి, అంకంపాలెం పెళ్ళిళ్ళన్నీ తీసిన మనిషి. ఇప్పుడు ఆత్రేయపురంలో ఓ చిన్న గదిలో, నాటి క్యాసెట్లను బతికించే పని పెట్టుకున్నారు. కిటికీ అవతల పూతరేకుల కుండ కింద కొబ్బరాకుల మంట. కిటికీ ఇవతల తిరుగుతున్న వీసీఆర్.

నేను ఆయన దగ్గరకు వెళ్ళింది అక్క పెళ్ళి క్యాసెట్టు పట్టుకుని. 1991 నాటి పెళ్ళి. అంతకుముందు పట్నంలో ఓ షాపులో ఇస్తే సీడీ చేసి ఇచ్చారు. మొదట్లో అంతా బాగానే ఉంది. ముహూర్తం వేళకి మాత్రం మూడు ముళ్ళూ పడిపోయాక గట్టిమేళం మొదలైంది! అప్పగింతల దగ్గరైతే అమ్మ ఏడుపు ఆపి కళ్ళు తుడుచుకున్నాక ఏడుపు వినపడింది. బాబాయ్ ఒక్క నిమిషం చూసి, "బొమ్మలు జారిపోయాయిరా అబ్బాయ్. శబ్దం జారలేదు. అందుకే బొమ్మ ముందుకెళ్ళిపోయి, శబ్దం వెనకబడింది" అన్నారు.

మన దేశపు వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు. 25 జారితే సెకను తేడా. ఒక్కటి జారితే కంటికి తెలియకపోవచ్చు, కానీ జారినవన్నీ పోగుపడతాయి.

అసలెందుకు జారతాయో తెలియాలంటే వీసీఆర్ మూత తీసి చూడాలి. బాబాయ్ తీసి చూపించారు. అర అంగుళం వెడల్పు టేపు, మందం మిల్లీమీటరులో సుమారు 50వ వంతు, ఏటవాలుగా నిలబెట్టిన మెరిసే డ్రమ్ము చుట్టూ చుట్టుకుని సాగుతుంది. డ్రమ్ము సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. దాని అంచున ఎదురెదురుగా ఉన్న రెండు హెడ్లు ఒక్కో చుట్టులో చెరో సగం బొమ్మా చదువుతాయి. ఫ్రేముకు 625 గీతలు, గీతకు 64 మైక్రోసెకన్లు. ప్రతి గీతకూ, ప్రతి సగం బొమ్మకూ ముందు ఒక గుర్తు వస్తుంది. దాన్ని సింక్ అంటారు. టేపు సాగినా, ముడత పడినా, హెడ్డుకు మురికి పట్టినా ఆ గుర్తు అటూ ఇటూ అవుతుంది. పాత టీవీ సర్దుకుపోయేది, బొమ్మ కాస్త వణికేది అంతే. కంప్యూటరుకు తగిలించిన క్యాప్చర్ పరికరం అలా సర్దుకోదు. గుర్తు వేళకి రాకపోతే ఆ ఫ్రేమునే వదిలేస్తుంది.

టేపు బాగున్నా ప్రమాదం తప్పదు. 720 చుక్కల వెడల్పు, 576 గీతల ఎత్తు ఉన్న బొమ్మలు సెకనుకు 25 చొప్పున, ఏమీ కుదించకుండా రాస్తే సెకనుకు 2 కోట్ల 7 లక్షల బైట్లు. గంటకు దాదాపు 75 జీబీ. చుక్క కూడా నష్టపోకుండా కుదించే హఫ్‌వైయూవీ లాంటి పద్ధతి వాడితే అది సుమారు సగమవుతుంది. అప్పుడైనా డిస్కు ఒక్క క్షణం వేరే పనిమీదికి పోతే వచ్చిన ఫ్రేముకు చోటుండదు. కంప్యూటర్లో అయితే ఫైలు మళ్ళీ చదవొచ్చు. తిరుగుతున్న టేపు మాత్రం ఎవరికోసమూ ఆగదు.

మూడు గళ్ళ నోటుబుక్కు పనికొచ్చేది ఇక్కడే. బాబాయ్ క్యాసెట్టును ఒకసారి ఎక్కించి జారిన చోట్లు రాసుకుంటారు. ఏమీ మార్చకుండా రెండోసారి ఎక్కించి మళ్ళీ రాస్తారు. రెండు గళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తారు. చోట్లు మారిపోతే దోషం కంప్యూటర్ది. రెండుసార్లూ అదే చోట జారితే దోషం క్యాసెట్టుదో వీసీఆర్‌దో. కొలిచినట్టు సమాన దూరంలో జారుతుంటే అది గడియారాల తగాదా. ఖరీదైన యంత్రం లేకుండా, పెన్నుతో, మూడు రోగాలను విడదీసే పద్ధతి ఇది.

మా క్యాసెట్టుకు మూడూ ఉన్నాయి. ముందు కంప్యూటరు పని పట్టారు. క్యాప్చర్ పరికరాన్ని హబ్బులోంచి తీసి నేరుగా వెనక పోర్టుకు పెట్టి ఓసారి చూశారు. తరవాత రికార్డింగును విండోస్ ఉన్న డిస్కు మీంచి వేరే డిస్కుకు మార్చి ఓసారి. ఇంటర్నెట్ తీసేసి, యాంటీవైరస్ ఆపి ఇంకోసారి. అన్నీ ఒకేసారి మార్చేస్తే సాయంత్రానికి అయిపోయేది కదా అన్నాను.

"మా అమ్మ రేకులు తీసేదిరా. రేకు చిరిగితే ముందు మంట చూసేది. మంట బాగుంటే పిండి జారు చూసేది. రెండూ ఒక్కసారి మార్చేది కాదు. మారిస్తే ఏది తప్పో ఈసారికి తెలీదు, వచ్చేసారి మళ్ళీ చిరుగుద్ది."

2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మా ఊరి పూతరేకు రుచి గురించే అందరూ చెబుతారు. దాని వెనక ఇలాంటి బుద్ధి ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

గడియారాల తగాదా సంగతి ఇంకా సున్నితం. బొమ్మ ఒక పరికరం గుండా, శబ్దం కంప్యూటరు సౌండ్‌కార్డు గుండా వస్తే రెండింటికీ చెరో గడియారం. పదివేలలో ఒక వంతు తేడా ఉన్నా చాలు, ప్రతి 6 నిమిషాల 40 సెకన్లకూ ఒక ఫ్రేము తేడా వస్తుంది. మూడు గంటల క్యాసెట్టు పూర్తయ్యేసరికి సెకను దాటుతుంది. బాబాయ్ వాడేది అవేరీ లీ రాసి ఉచితంగా ఇచ్చిన వర్చువల్‌డబ్. ఎన్ని ఫ్రేములు జారాయో, జత కుదర్చడానికి ఎన్ని చొప్పించిందో రెండు అంకెలూ విడివిడిగా చూపిస్తుంది. ఆ అంకెల్ని చూసి, శబ్దాన్ని కూడా బొమ్మ వచ్చే పరికరం గుండానే తెప్పించారు. సమాన దూరపు జారుళ్ళు ఆగిపోయాయి.

ఇక మిగిలింది ఒక్కటే చోటు: 47 నిమిషాల 12 సెకన్లు. మూడు గళ్ళలోనూ అదే అంకె.

మూత తీసి హెడ్లు తుడిచారు. మెత్తటి షమ్మీ తోలును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి, డ్రమ్ముకు కదలకుండా ఆనించి పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్ము పైభాగాన్ని మెల్లిగా తిప్పారు. తోలు కదలకూడదు, డ్రమ్మే తిరగాలి. పైకీ కిందికీ రుద్దితే వెంట్రుక కన్నా సన్నని హెడ్డు అంచు విరుగుతుంది. తుడుస్తున్నంతసేపూ ఆయన ఊపిరి బిగపట్టుకునే ఉన్నారు. వీసీఆర్ పోతే మరొకటి కొత్తది దొరకదు. ఆఖరిదాకా తయారు చేసిన జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది.

తుడిచాక 11 ఫ్రేములు జారేచోట 6 జారాయి. ట్రాకింగ్ సర్ది, రెండో వీసీఆర్‌లో వేస్తే 2కి దిగింది. తరవాత మధ్యలో ఓ పాత డీవీడీ రికార్డర్ పెట్టారు, రికార్డు చెయ్యడానికి కాదు. కొన్ని మోడళ్ళు లోపలికి వచ్చిన వంకర గీతలను తిన్నగా సర్ది బయటికి పంపుతాయి. ఈసారి లెక్క సున్నా.

నేను లేవబోయాను. ఆయన లేవలేదు. ఆ చోటికి వెళ్ళి ఒక్కో ఫ్రేమూ నొక్కుతూ చూశారు. రెండు ఫ్రేములు ముందుదాని నకళ్ళే. బొమ్మ అందకపోతే ఆ పెట్టె పాతదాన్నే మళ్ళీ పంపింది. కంప్యూటరు దాన్ని నిజమని లెక్కవేసుకుంది. "సున్నా వచ్చిందని సంబరపడకూడదు. సున్నా ఎలా వచ్చిందో చూడాలి" అన్నారు.

అప్పుడు తెర మీద ఆగి ఉన్న బొమ్మను చూశాను. నాయనమ్మ. అక్షింతలు వేసి, అక్క గడ్డం పట్టుకుని, కెమెరా వైపు తిరిగి నవ్వుతోంది. మరుసటి ఏడే పోయింది. నాయనమ్మ కదలడం, నవ్వడం ఉన్నది ఆ క్యాసెట్టులో అక్కడే. ప్రతి సంక్రాంతికీ క్యాసెట్టు పెట్టి, అక్కడికి రాగానే ఎవరో ఒకరు పాజ్ నొక్కేవాళ్ళం.

బాబాయ్ ఏమీ అడక్కుండానే గ్రహించారు. పాజ్ నొక్కితే టేపు ఆగుతుంది కానీ డ్రమ్ము ఆగదు. సెకనుకు 25 చుట్లు, అదే చోటును గీకుతూ తిరుగుతుంది. అందుకే కొన్ని నిమిషాలయ్యాక వీసీఆర్ తనంతట తనే పాజ్ వదిలేస్తుంది. మేము మళ్ళీ నొక్కేవాళ్ళం. అందరం ఎక్కువ ఇష్టపడిన చోటే ఎక్కువ అరిగింది.

లేని ఫ్రేమును అటూ ఇటూ ఉన్నవాటితో కలిపి అల్లడం ఆయనకు చేతకాక కాదు. "అల్లితే అది మీ నాయనమ్మ మొహం కాదురా, కంప్యూటరు ఊహ" అన్నారు. డిస్కుతో పాటు ఓ చీటీ పెట్టారు: "47:12 దగ్గర రెండు ఫ్రేములు లేవు. శబ్దం సరిగా ఉంది."

ఆ చీటీ మీదే ఆయన పనితనమంతా ఉందనిపించింది నాకు. దాచగలిగినదాన్ని దాచకుండా, ఎంత దక్కిందో ఎంత పోయిందో రాసి చేతిలో పెట్టారు.

క్యాసెట్టు తిరిగిస్తూ, "దీన్ని ఇక వెయ్యకండి, తడి తగలకుండా నిలబెట్టి దాచండి" అన్నారు. వర్షాకాలంలో ఈ లంకల గాలికి టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. అలాంటి క్యాసెట్టు వేస్తే వీసీఆర్‌కీ అంటి, తరవాత వేసిన ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. గుమ్మం దాకా వచ్చి ఇంకో మాట చెప్పారు.

"డిస్కులో మాత్రం ఆవిడ దగ్గర ఎంతసేపైనా ఆపుకోండి. ఇక అరగదు."